ఒకే తూటా

కొట్టంలో ఉన్న తోలు దించమని మామయ్య అడిగినప్పుడు నేను పిండి కలుపుతున్నాను. నా చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

"ఏ తోలు?" అన్నాను. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే.

"మీ అత్త చుట్టి పెట్టిందే. అది."

"ఇప్పుడెందుకు మామయ్యా?"

"చలేస్తోంది. దాన్ని పదును చేసి నా కింద పరుచు."

ఆయన కూర్చున్నది ఇటుక అరుగు మీద. పొయ్యి పొగంతా దాని కిందుగా పారి గోడలోకి పోతుంది. చెయ్యి ఆనిస్తే చురుక్కుమనేంత వేడిగా ఉంది ఆ పూట. ఒంటి మీద దూది కోటు, కాళ్ల మీద రెండు దుప్పట్లు. అయినా ఆయన భుజాలు చిన్నగా వణుకుతూనే ఉన్నాయి. పొయ్యిలో మరో కట్టె వేసినంత మాత్రాన పోయే చలి కాదని నాకు తెలుసు.

ఆ తోలు సంగతి ఉత్తరాన కొండల కింద ఉన్న మా వేటగాళ్ల ఊళ్లో అందరికీ తెలుసు. నా పెళ్లయిన మూడో వేసవిలో మామయ్య, నా భర్త ఇలింబు ఇద్దరే కొండల్లోకి వేటకు వెళ్లారు. ఇలింబు గడ్డిలో దాక్కుని జింకపిల్ల అరుపులా ఊత ఊదాడు. చిన్న కర్రముక్కకు భూర్జబెరడు నాలుక బిగించి చేసే ఊత అది. పిల్లే పిలుస్తోందనుకుని తల్లి వస్తుంది. వచ్చింది. మామయ్య కాల్చాడు. తూటా జింకలోంచి దూసుకుపోయి, దాని వెనక గడ్డిలో ఉన్న ఇలింబుకు తగిలింది. ఒకే తూటా, రెండు ప్రాణాలు. సాయంత్రం మామయ్య ఒక గుర్రం మీద కొడుకును, ఇంకో గుర్రం మీద జింకను తీసుకొచ్చాడు. కొడుకు శవంతో పాటు జింకనెందుకు మోసుకొచ్చాడని ఆ రోజు ఎవరూ అడగలేదు. అందరూ ఒక్క మాటే అన్నారు, "ఒకే తూటా, పాపం."

నేనూ ఆ మాట పట్టుకునే బతికాను. కొండ మీంచి రాయి దొర్లి మీద పడితే ఎవరిని తిట్టుకుంటాం? అలాగే అనుకున్నాను. అలా అనుకున్నాను కాబట్టే ఆయన గిన్నెలో అన్నం పెడుతూ, ఆయన బట్టలు ఉతుకుతూ ఇన్నేళ్లు ఈ ఇంట్లో ఉండిపోగలిగాను.

ఆ జింకను అత్తయ్యే ఒలిచింది. కొట్టం తలుపు వేసుకుని ఒక్కతే ఒలిచింది. మాంసం ఒక్క ముక్క కూడా ఎవరికీ పెట్టలేదు, అంతా కొండకు తిరిగి ఇచ్చేసింది. తోలు ఎండబెట్టి, వెంట్రుకలు లోపలికి మడిచి, చుట్టి, పచ్చితోలు తాళ్లతో ముడి మీద ముడి వేసి, కొట్టంలో పొగ తగిలే చోట దూలానికి వేలాడదీసింది. ఆ తర్వాత ఆవిడ తన భర్త కోసం ఇంకే తోలూ పదును చేయలేదు. ఊళ్లో మిగతా మగవాళ్లు తోలు కోట్లలో తిరుగుతుంటే మామయ్య సర్కారు కొట్లో దొరికే దూది కోటుతో చలికాలాలు గడిపాడు. కొడుకు దుఃఖంతో ఆవిడకు చేతులు ఆడటం లేదని ఊరనుకుంది. నాకేమో ఆ పని నేర్పనే లేదు. గీకుడుబద్ద ముట్టుకుంటే లాక్కునేది. తర్వాత వేట మానాలని సర్కారు ఆర్డరొచ్చి తుపాకులన్నీ ఆఫీసుకు అప్పజెప్పేశారు, ఊళ్లోకి తోళ్లు రావడమే ఆగిపోయింది. ఆవిడా పోయింది. నేను బడిలో పిల్లలకు వంట చేస్తూ ఉండిపోయాను. ఈ వయసులో తోలు పనికి నేను పసిపిల్లతో సమానం.

"నాకు రాదు కదా మామయ్యా," అన్నాను.

"నేను చెప్తాను."

"మీకు మాత్రం ఏం తెలుసు? ఆడవాళ్ల పని."

"చూళ్లేదు. విన్నాను." ఆయన కళ్లు మూసుకున్నాడు. "పాతికేళ్లు పక్కన పడుకుని విన్నాను. ఏ చప్పుడు తర్వాత ఏ చప్పుడొస్తుందో నాకు తెలుసు."

మర్నాడు చుట్ట దించాను. చెట్టుమొద్దులా గట్టిగా ఉంది. ముడులు విప్పడానికి గోళ్లు చాల్లేదు. కోస్తే సరిపోయేది, కత్తి పక్కనే ఉంది. కానీ అత్తయ్య వేసిన ముడులను కొయ్యడానికి చెయ్యి రాలేదు. తోలుకు కన్నాలు పొడిచే ఆరె ముల్లుతో ఒక్కొక్కటీ తీశాను. ఆవిడ ఎవరికోసం ఇన్ని ముడులు వేసిందా అనుకున్నాను. దొంగల కోసం అయితే ఒకటి చాలు. ఇవి తన చేతులనే ఆపడానికి వేసుకున్నవిలా ఉన్నాయి.

గోరువెచ్చని నీళ్లలో గోనెపట్టాలు ముంచి చుట్ట మీద కప్పాను. అది నెమ్మదిగా మెత్తబడి, తనంతట తనే కొంచెం కొంచెం విచ్చుకుంది. నిద్రలో ఒకరి పిడికిలి వదులవుతున్నట్టు ఉంది చూస్తుంటే. విప్పి నేల మీద పరిచాను. ఎర్రటి పొట్టి వెంట్రుకలు. ఎండాకాలపు తోలు. పొగవాసన కింద ఇంకేదో పాతవాసన.

ఎడమ డొక్కలో కన్నం ఉంది. చిటికెనవేలు పట్టేంత. అంచులు లోపలికి ముడుచుకుని నల్లబడ్డాయి. వేలు పెట్టి చూశాను. ఇదే ఆ తూటా అనుకున్నాను. ఇటు దూరి, అటు వెళ్లి, ఆ తర్వాత అతని దగ్గరికి. కుడివైపు చూశాను.

కుడివైపు ఏమీ లేదు.

వెంట్రుకల్లో కనబడలేదేమోనని తోలు తిరగేశాను. లోపలివైపు అరచేత్తో మెడ దగ్గర్నుంచి తొడ దాకా తడిమాను. తలుపు తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. ఎడమ డొక్కలోంచి ఒక చిన్న వెలుతురు చుక్క నా ఛాతీ మీద పడింది. మిగతా తోలంతా చీకటిగా ఉంది. ఎటు తిప్పినా వెలుతురు ఒక్కచోటనుంచే వస్తోంది. చేతులు నొప్పెట్టేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను.

ఆ తూటా జింకను దాటి బయటికి పోలేదు. దాని ఒంట్లోనే ఆగిపోయింది. ఒలిచిన రోజు అత్తయ్యకు ఆ ముక్క దొరికే ఉంటుంది.

లోపలికి వెళ్లి టీ కాచాను. మొదటి గుక్క నిప్పుకు ఇవ్వాలి కాబట్టి పొయ్యిలోకి కొంచెం ఒంపి, మామయ్యకు గిన్నె అందించాను.

"విప్పావా?" అన్నాడు.

"విప్పాను."

"పురుగు పట్టిందా?"

"లేదు."

"చిరుగులేమైనా ఉన్నాయా?"

"ఒక్కటి," అన్నాను.

"ఊఁ," అన్నాడు. టీ చల్లారేదాకా తాగలేదు.

అప్పుడే అడగొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. అడిగితే ఆయన చెప్పేస్తాడు. చెప్పేస్తే నేను ఏదో ఒకటి చెయ్యాలి. ఇంట్లోంచి వెళ్లిపోవాలి, లేదా అరవాలి, లేదా క్షమించాలి. ఈ మూడింటిలో దేనికీ నాలో మనిషి సిద్ధంగా లేదు. తోలు మాత్రం నేల మీద తడిగా ఉంది, ఆరితే మళ్లీ బిగుసుకుపోతుంది. అందుకని పని చేశాను. అదొక్కటే కారణమని చెప్పుకున్నాను.

తోలు మెత్తబడాలంటే కుళ్లిన కార్జం పట్టించాలన్నాడు మామయ్య. జింక కార్జం ఎక్కడ దొరుకుతుంది ఇప్పుడు? బడి వంటకు వచ్చిన గొర్రెలో కార్జం అడిగి తెచ్చుకుని, కుండలో వేసి ఎండలో కుళ్లబెట్టాను. అది పొంగి, నురగ కట్టి, వీధి చివరిదాకా కంపు కొట్టింది. లోపలివైపు కొవ్వు పొర గీకేసి ఆ ముద్ద పట్టిస్తుంటే పక్కింటి షియూజెన్ పిన్ని ముక్కు మూసుకుని వచ్చేసింది.

"ఏమే నోమిన్, నీ మామ పోయాడా ఏంటి, చెప్పకుండా దాచావా?"

"బతికే ఉన్నాడు పిన్నీ. కార్జం."

"కార్జమా? మా అమ్మ కుళ్లబెడితే ఈగలొచ్చేవి. నీది చూసి ఈగలు కూడా పక్కూరికి పోయాయి." చతికిలబడి తోలు అంచు ఎత్తింది. "ఎర్రతోలా? పరుపుకి ఎవరైనా ఎర్రతోలు వేస్తారా? వెంట్రుకెక్కడుంది దీనికి, మా ఆయన నెత్తి లాగుంది."

లోపలి గదిలోంచి మామయ్య దగ్గు వినిపించింది. పిన్ని గొంతు తగ్గించింది.

"ఇది అదేనా?"

"అదే."

"మీ అత్త చచ్చేదాకా ఎవర్నీ ముట్టనివ్వలేదుగా. ఒకసారి నేను కొట్టంలోకెళ్లి దీని కింద నిలబడ్డానని చీపురు తీసింది నా మీదకి." తోలు మడత విప్పబోయింది. నేను మడత మీద చెయ్యి వేశాను.

"ముద్ద పట్టించాను పిన్నీ. గాలి తగలకూడదంట."

"ఎవరు చెప్పారు?"

"మామయ్య."

"ఆయనా?" పిన్ని నవ్వింది. "సరే, దాచుకో. ఎన్నాళ్లు దాస్తావు? రేపు ఆయన కన్ను మూస్తే కిందికి దించి ఒళ్లు తుడిచి బట్టలు తొడిగేది మేమేగా. ఆయన పరుపు తోలు కాబట్టి దీని మీదే పడుకోబెట్టాలి. అప్పుడు తీరిగ్గా చూస్తాం, నీ అత్త ఏం దాచిందో."

ఆవిడ వేళాకోళంగానే అన్నది. కానీ వెళ్లిపోయాక కూడా ఆ మాట గదిలో ఉండిపోయింది. పిన్ని చేతుల్లో పుట్టి పెరిగిన విద్య ఇది. తోలు చూడగానే ముందు కన్నాలే చూస్తుంది. ఒకటి కనబడగానే రెండోదాని కోసం వెతుకుతుంది.

మడిచిన తోలు ముద్దను పీల్చుకున్నాక, మామయ్య అరుగు పక్కనే నేల మీద పరిచి పళ్ల గీకుడు పట్టుకున్నాను. రెండు చివర్లా పిడి ఉండి, మధ్య రంపంలా పళ్లుండే పనిముట్టు. పిడుల మీద అత్తయ్య అరచేతుల గుంతలున్నాయి. నా చేతులు వాటిలో ఇమడలేదు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"అది కాదు," అన్నాడు గోడతో. "తడి చప్పుడది. దానికి ఏడుపుంటుంది."

ఇంకొంచెం ఆరనిచ్చి మళ్లీ గీకాను.

"గట్టిగా తొక్కుతున్నావు. ఆవిడ నెట్టేది కాదు. వదిలేది. నెట్టి వదిలేది."

నెట్టి వదిలాను. చాలాసేపటికి, నా భుజాలు నావి కాకుండా పోయాక, తోలు రంగు మారింది. పసుపు పోయి తెల్లగా, నూగు లేచినట్టు అయింది. చప్పుడు కూడా మారింది. ఎండుటాకు మీద ఎవరో చెప్పుల్లేకుండా నడుస్తున్నట్టు, పొడిగా, తేలిగ్గా.

మామయ్య ఊపిరి బిగబట్టాడు. "అదీ," అన్నాడు.

నేను ఆపలేదు. ఆపితే ఆయన నావైపు తిరుగుతాడని భయం వేసింది. ఆ చప్పుడు మధ్యనే, గోడవైపు ముఖం పెట్టి, ఆయన మొదలుపెట్టాడు.

"వాడు ఊదితే నిజం జింకలే నమ్మేవి. నేను నేర్పిందే, నాకంటే బాగా ఊదేవాడు. తల్లి వచ్చింది. కొట్టాను. పడింది. వాడు లేచి నిలబడాలి. అది పద్ధతి. లేవలేదు. ఇంకా ఊదుతున్నాడు."

నెట్టి వదిలాను. నెట్టి వదిలాను.

"తల్లి పడినా ఊదుతున్నాడు. ఎందుకో నాకు తెలీదు. ఇంకోటి వస్తుందనుకున్నాడేమో. నన్ను ఆటపట్టిద్దామనుకున్నాడేమో, చిన్నప్పట్నుంచీ అదే పని కదా వాడికి. గడ్డిలోంచి రెండు చెవులు లేచాయి. ఇటు తిరిగాయి."

ఇలింబు ఆ పొద్దున జింకతల టోపీ పెట్టుకుని వెళ్లాడు. నిజం జింకతలను ఒలిచి, చెవులతో సహా కుట్టిన టోపీ. గడ్డిలో ఒక్క తల కనిపిస్తే చాలు, జింకలు తమ జాతే అనుకుంటాయి. దాన్ని నేనే అతని తల మీద సర్ది, తాడు బిగించాను.

"మీకు తెలియలేదా?" అన్నాను. నా గొంతు గీకుడు చప్పుడులోంచి వచ్చినట్టుంది. "ఆ టోపీ మీకు తెలియదా?"

"కళ్లు చూశాను," అన్నాడు. "నల్లగా మెరిశాయి. నన్నే చూశాయి. మీ అత్త కుట్టిన కళ్లు. టోపీకి కంటి గుంతల్లో నల్లతోలు వేసి కుడుతుందే, అవి. అంత బాగా ఎవరూ కుట్టేవాళ్లు కాదు." వేలితో గోడను తడిమాడు. "ఆవిడకీ అది తెలుసు. అందుకే నన్ను ఒక్క మాటా అనలేకపోయింది. తోలు మాత్రం ఇవ్వలేదు."

గీకుడు పక్కన పెట్టాను.

"జింకను ఎందుకు తెచ్చారు?"

"ఒకే తూటా అని చెప్పాలనుకున్నాను. దారిలో అనుకున్నాను. చూపించడానికేదైనా ఉండాలి కదా అని తెచ్చాను. దాని ఒంటికి రెండోవైపు ఉంటుందని తోచనేలేదు." అప్పుడు ఇటు తిరిగాడు. కళ్లలో నీళ్లేమీ లేవు. "అమ్మాయ్, ఆ కన్నం కుట్టొద్దు. అలాగే ఉంచు. నన్ను దాని మీద వేసినప్పుడు ఆడవాళ్లు చూస్తారు. నా నోటితో చెప్పలేకపోయాను. అది చెప్తుంది. నీకు చెప్పడానికే ఇన్నాళ్లు పట్టింది."

నేను తోలు మడిచి చంకలో పెట్టుకుని లేచాను.

తోలుకు పొగ పట్టించడం మిగిలింది. పట్టించకపోతే తడి తగిలిన ప్రతిసారీ బిగుసుకుపోతుంది, నేర్చుకున్నది మర్చిపోయిన మనిషిలా. పెరట్లో గుంత తీసి, కుళ్లిన చెట్టుబోదె ముక్కలు వేసి, మంట లేవకుండా పొగ మాత్రం వచ్చేలా చూస్తూ, పైన కర్రల మీద తోలును గుడారంలా కప్పాను. ఎడమ డొక్కలోని కన్నంలోంచి సన్నటి పొగ తీగ బయటికి వచ్చింది. ఎవరో లోపల కూర్చుని నెమ్మదిగా ఊపిరి వదులుతున్నట్టుంది.

ఆ పొగను చూస్తూ కూర్చున్నప్పుడు నాకొకటి అర్థమైంది. అది రెండో తూటా గురించి కాదు. రెండు తూటాల మధ్య ఉన్న కాసేపటి గురించి. ఒకే తూటా అనుకున్నన్నాళ్లూ అతను ఏమీ తెలియకుండానే పోయాడు. శబ్దం వినేలోపే అయిపోయింది. నేను నిద్రపోగలిగింది దానివల్లే. ఇప్పుడు మధ్యలో చోటు ఏర్పడింది. అందులో అతను బతికే ఉన్నాడు. తుపాకీ చప్పుడు విన్నాడు, తల్లిజింక పడటం చూశాడు, నాన్న కొట్టాడు అనుకున్నాడు, సంతోషించాడు. ఇంకా ఊదుతున్నాడు. తల ఎత్తి తండ్రివైపు చూశాడు. ఆ చూపుకు చివరేమిటో నాకు తెలుసు, అతనికి తెలియదు. పొగ దగ్గర కూర్చున్నంతసేపూ ఆ ఊత నా చెవుల్లో ఆగలేదు. తల్లి పడిపోయాక కూడా పిలుస్తున్న పిల్ల గొంతు.

ఆ చోటు మూసేయాలి. అంతే అనుకున్నాను. ఆయన మీద జాలి అనుకోలేదు, కోపం అనుకోలేదు. అది ఏదో ఇప్పటికీ తెలియదు.

తోలు దించి, లోపలికి తెచ్చి, అత్తయ్య భూర్జబెరడు పెట్టె తెరిచాను. సూదులు, నరాల దారం, ఆరె, అడుగున నల్లతోలు ముక్కలు. టోపీ కళ్లకు కోసినవాటిలో మిగిలిన ముక్కలు. తోలును వీపు మీదుగా మడిచి, ఎడమ కన్నానికి సరిగ్గా ఎదురుగా కుడి డొక్క మీద బొగ్గుతో గుర్తు పెట్టాను. తూటా బయటికొచ్చే చోట కన్నం కొంచెం పెద్దదిగా, అంచులు చిరిగినట్టుగా ఉండాలి. ఆ సంగతి నాకెలా తెలుసో తెలియదు. ఆరెతో పొడిచి, కత్తితో తిప్పాను. ఇంత కష్టపడి మెత్తబరిచిన తోలు. ఏ అడ్డూ పెట్టకుండా తెగింది.

తర్వాత రెండింటికీ కింద నల్లతోలు వేసి కుట్టాను. దగ్గర దగ్గరగా, చిన్న కుట్లు. మొదటిసారి కుట్టినవాళ్ల కుట్లలా లేవు అవి. పూర్తయ్యాక తోలును నేల మీద పరిచి వెనక్కి జరిగాను.

ఎర్రటి వెంట్రుకల్లోంచి రెండు నల్లటి కళ్లు నన్ను చూశాయి.

షియూజెన్ పిన్ని చూడటానికి వచ్చింది. చేత్తో నలిపింది, వాసన చూసింది, చెంపకు ఆనించుకుంది. "మెడ దగ్గర గట్టిగా ఉంది. మిగతాది పర్లేదు. మీ అత్త చూస్తే చీపురుతో సగం దెబ్బలే కొట్టేది." తర్వాత తోలు తిప్పింది. ఒక అతుకు మీద వేలు పెట్టింది. ఇటు తిప్పి రెండోదాని మీద పెట్టింది. కళ్లు తుడుచుకుంది.

"ఇటు దూరి ఇటొచ్చింది. ఇది చూళ్లేకే దాచుకుంది పిచ్చిది," అంది. "ఒకే తూటా. పాపం."

మామయ్య అరుగు మీదనుంచి ఆవిడను చూశాడు. నోరు తెరిచాడు. పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని నిమిరింది. "పోనీలే బావా, పాతవి తవ్వుకోకు. హాయిగా పడుకో." ఆయన నోరు కాసేపు అలాగే తెరుచుకుని ఉండి, మూసుకుంది.

ఆవిడ వెళ్లాక తోలు ఆయన కింద పరిచాను. పడుకున్నాడు. చేతులు రెండు పక్కలా తడుముకుంటూ వెళ్లాయి. ఎడమచెయ్యి అతుకు దగ్గర ఆగింది. కుడిచెయ్యి రెండో అతుకు దగ్గర ఆగింది.

"అమ్మాయ్, ఇటు కూడా ఉందేంటి?"

"మొదట్నుంచీ రెండే మామయ్యా," అన్నాను. "మీరు మర్చిపోయారు."

ఆయన నావైపు చాలాసేపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. గడ్డిలోంచి తల ఎత్తినదాన్ని చూసినట్టు చూశాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. వణుకు ఆగిపోయింది. అందుకు నాకు ఊరటగా ఉండాలి.

ఇప్పుడు పొద్దున్నే నేను పిండి కలుపుతున్నప్పుడు వెనక అరుగు మీదనుంచి ఆ చప్పుడొస్తుంది. ఆయన నిద్రపోతున్నట్టే పడుకుని, కుడిచేతి గోరుతో నల్లతోలు అతుకును గీకుతుంటాడు. కుట్లు ఊడదీయాలని. ఊడదీస్తే కన్నం కనబడుతుంది, అంతే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. నేను వెనక్కి తిరగను.

ఎండుటాకు మీద ఎవరో చెప్పుల్లేకుండా నడుస్తున్నట్టు, పొడిగా, తేలిగ్గా. నెట్టి వదులుతాడు. నెట్టి వదులుతాడు. చప్పుడు సరిగ్గానే ఉంది.